పిల్లలకు ఒంట్లో బాగోలేనప్పుడు పొద్దున దాకా ఆగొచ్చా, అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి పరిగెత్తాలా?

ఫ్రిజ్‌మీదకాగితం:
ఇంట్లో 2 నెలల పాప, 4 ఏళ్ళ బాబు. ఏం కనిపిస్తే అర్ధరాత్రైనా బయల్దేరాలి, ఏదైతే పొద్దున దాకా ఆగొచ్చు అని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటిద్దామనుకుంటున్నాను. ఇప్పటికి రాసింది ఒక్క లైనే: "జ్వరం 103 దాటితే ఆసుపత్రి". ఎక్కడ చదివినా "పరిస్థితి విషమిస్తే డాక్టర్ని కలవండి" అని రాస్తారు. విషమించడం అంటే కంటికి ఏం కనిపిస్తుందో ఎవరూ రాయరు. లెక్కపెట్టగలిగేవి, చూసి గుర్తుపట్టగలిగేవి చెప్పండి. ఫిట్స్, తలకి దెబ్బ, గొంతుకి అడ్డం పడటం గురించి కూడా.

పిల్లల ఎమర్జెన్సీ డాక్టర్:
ముందు ఆ 103 కొట్టేయండి. మీ ఇద్దరు పిల్లలకీ ఒకే రూలు పనికిరాదు.

పాప సంగతి. 3 నెలల లోపు బిడ్డకి 100.4 ఫారెన్‌హీట్ (38 సెల్సియస్) వచ్చిందంటే, పాలు బాగా తాగుతున్నా, నవ్వుతున్నా, అదే రాత్రి చూపించాలి. ఈ ఒక్క వయసులో మాత్రం థర్మామీటర్ అంకె ఒక్కటే చాలు. రక్తంలోనో, మూత్రంలోనో, మెదడు పొరల్లోనో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇంత చిన్నబిడ్డ జ్వరం తప్ప ఇంకేమీ చూపించకపోవచ్చు. చంకలో పెట్టి చూస్తే అసలు కంటే తక్కువే చూపిస్తుంది కాబట్టి చంకలో 99 దాటితే మలద్వారంలో చూసి తేల్చుకోండి (కొనకి వేజలిన్ రాసి అర అంగుళం, అంతకు మించి వద్దు). అలా చూడటం చేతకాకపోతే తేల్చుకునే పని ఆసుపత్రికే వదిలేయండి. డాక్టర్ చూసేదాకా జ్వరం మందు పొయ్యకండి. ఇంకొకటి, ఈ వయసులో ఒళ్ళు చల్లబడటం కూడా జ్వరమంత చెడ్డదే. వెచ్చగా కప్పి, గుండెకి హత్తుకున్నా 97 దాటకపోతే అదీ ఎమర్జెన్సీనే.

బాబు విషయంలో 104 ఉన్నా, మందు పని చేసి కాస్త తగ్గాక ఆడుకుంటూ నీళ్ళడుగుతుంటే పొద్దున దాకా ఆగొచ్చు. 101 ఉండి, మందు పడ్డాక కూడా వేలాడిపోయి, పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసేస్తుంటే ఆగకూడదు. జ్వరం ఎంతుందన్నది కాదు, తగ్గినప్పుడు పిల్లాడు ఎలా ఉన్నాడన్నదే చూడాలి.

ఇక లెక్కపెట్టేది: ఊపిరి. చొక్కా ఎత్తి, పొట్ట ఎగిసి పడటం చూస్తూ, గడియారం పక్కన పెట్టుకుని నిండా 60 సెకన్లు లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి 4తో గుణించడం చంటిపిల్లల దగ్గర కుదరదు. వాళ్ళు గబగబా పీల్చి, 5 నుంచి 10 సెకన్లు ఆగి, మళ్ళీ పీలుస్తారు. ఆగిన ముక్క మీ లెక్కలో పడితే తక్కువొస్తుంది, పడకపోతే ఎక్కువొస్తుంది. ఏడుస్తున్నప్పుడు లెక్కపెట్టకండి. 2 నెలల లోపు 60 లేదా పైన, 2 నెలల నుంచి ఏడాది దాకా 50 లేదా పైన, 1 నుంచి 5 ఏళ్ళ దాకా 40 లేదా పైన ఉంటే వేగంగా ఉన్నట్టు. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులు. జ్వరం ఊపిరిని పెంచుతుంది కాబట్టి జ్వరం తగ్గాక, కుదిరితే నిద్రలో, ఇంకోసారి చూడండి.

అంకె కంటే గట్టి గుర్తులు: డొక్కలు ఎగరేయడం, ముక్కుపుటాలు ఎగరేయడం, ఊపిరి వదిలినప్పుడల్లా మూలగడం, ప్రతి ఊపిరికీ తల ఊగడం. వీటిలో ఏది కనిపించినా లెక్క పూర్తయ్యేదాకా కూడా ఆగొద్దు. పెదాలు, నాలుక నీలంగా ఉన్నా, ఊపిరి 20 సెకన్లు ఆగినా అంబులెన్స్ పిలవాలి. అప్పటిదాకా పిల్లికూతలతో ఆయాసపడిన పిల్లాడికి కూతలు ఆగిపోయి, మగత కమ్మితే అది తగ్గినట్టు కాదు, గాలి ఆడటం లేదన్నమాట.

పిల్లల శరీరం చివరిదాకా నెట్టుకొస్తుంది, బీపీ బాగా ఆలస్యంగా పడిపోతుంది. పడిందంటే నిమిషాల్లో పరిస్థితి చెయ్యి దాటుతుంది. అందుకే బీపీ కోసం చూడకుండా చర్మాన్ని చూస్తాం. రొమ్ము ఎముక మీద వేలితో 5 సెకన్లు నొక్కి వదిలితే తెల్లబడిన చోట 2 సెకన్లలో రంగు తిరిగి రావాలి. 3 దాటి, పాదాలు చల్లగా, చర్మం మచ్చమచ్చలుగా ఉంటే బయల్దేరండి. వేలి గోళ్ళ మీద చూస్తే చలిగదిలో ఊరికే భయపడతారు, ఛాతీ మీదే చూడండి.

ఒంటి మీద ఎర్రగానో ఊదాగానో చుక్కలుంటే గాజు గ్లాసు పక్క భాగం ఆనించి నొక్కండి. గ్లాసులోంచి చూసినా చుక్క మాయం కాకపోతే, దాంతో జ్వరం కూడా ఉంటే, మెదడు పొరల ఇన్ఫెక్షనో రక్తంలో ఇన్ఫెక్షనో కావచ్చు, ఆగకండి. చర్మం నల్లగా ఉన్న పిల్లల్లో అరికాళ్ళు, అరచేతులు, కింది కనురెప్ప లోపల చూడాలి.

వార్డు సిస్టర్:
డాక్టర్ గారు మందు మోతాదు వదిలేశారు. ఎక్కువమంది తప్పులో కాలేసేది అక్కడే.

పారాసిటమాల్ బరువుని బట్టి పొయ్యాలి, వయసుని బట్టి కాదు. కిలోకి 15 మి.గ్రా., కనీసం 4 నుంచి 6 గంటల ఎడం, 24 గంటల్లో 4 సార్లకు మించకుండా. 10 కిలోల బిడ్డకి 150 మి.గ్రా. అన్నమాట. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 6 మి.లీ., 250 ఉండే సిరప్ అయితే 3 మి.లీ., 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉండే చుక్కల మందైతే 1.5 మి.లీ. మందు ఒకటే, సీసాలు మూడు. ఇంట్లో చుక్కల మందు అయిపోతే సిరప్ సీసా కొని, పాత అలవాటు ప్రకారం 1.5 మి.లీ. పోసి "జ్వరం దిగట్లేదు" అంటారు. దానికి తిరగబడితేనే ప్రమాదం. సిరప్ అలవాటున్నవాళ్ళు చుక్కల మందుని 6 మి.లీ. పోస్తే 600 మి.గ్రా. లోపలికెళ్తుంది, నాలుగింతలు. సీసా మీద "ప్రతి 5 మి.లీ.లో" అని ఉందా, "ప్రతి 1 మి.లీ.లో" అని ఉందా చదవకుండా మూత తియ్యకండి. ఇంటి చెంచాలు ఒక్కోటి ఒక్కో కొలత, సూది తీసేసిన సిరంజి వాడండి. జలుబు సిరప్పుల్లో కూడా పారాసిటమాల్ కలిపి ఉంటుంది, రెండూ పోస్తే డబుల్ డోసే. ఆస్పిరిన్ పిల్లలకి వద్దు.

విరేచనాలు, వాంతులు. చూడాల్సింది ఎన్నిసార్లయ్యాయని కాదు, ఒంట్లో నీరుందా లేదా అని. చంటిబిడ్డ 6 గంటలు, పెద్దపిల్లలు 8 నుంచి 12 గంటలు ఒంటేలుకి వెళ్ళకపోవడం, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోవడం, కళ్ళు పీక్కుపోవడం, మాడు లోపలికి గుంటపడటం, నాలుక ఎండటం. పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో ఎత్తి వదిలితే వెంటనే సర్దుకోవాలి, 2 సెకన్ల కంటే ఎక్కువ నిలబడితే నీరు బాగా పోయినట్టు. నీళ్ళ కోసం ఆత్రంగా గ్లాసు లాక్కునే పిల్లాడికి ఇంట్లోనే ఓఆర్ఎస్ మొదలెట్టొచ్చు. నోటి దగ్గర పెట్టినా తాగలేని పిల్లాడికి సెలైన్ కావాలి.

ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి 1 లీటరు నీళ్ళలో కలపాలి. సగం ప్యాకెట్ సగం లీటరులో కలిపితే సరిపోదా అంటారు. పొడిలో ఉప్పు, చక్కెర సమంగా కలిసి ఉండవు, సగానికి ఏది ఎంతొచ్చిందో తెలీదు. చిక్కగా కలిపితే విరేచనాలు పెరుగుతాయి, రక్తంలో సోడియం ఎక్కువవుతుంది. పల్చగా కలిపితే పోయిన ఉప్పు తిరిగి రాదు. 24 గంటలు దాటితే పారబోయండి.

"ఇచ్చింది ఇచ్చినట్టే కక్కేస్తున్నాడు" అనేవాళ్ళు దాదాపు అందరూ గ్లాసుతో ఇస్తుంటారు. కక్కాక 10 నిమిషాలు ఆగి, సిరంజితో 5 మి.లీ. చొప్పున 2 నిమిషాలకోసారి పొయ్యండి. చూడటానికి ఏమీ కాదు గానీ గంటకి 150 మి.లీ. లోపలికెళ్తుంది. ప్రతి విరేచనం తరవాత 2 ఏళ్ళ లోపు 50 నుంచి 100 మి.లీ., ఆ పైన 100 నుంచి 200 మి.లీ. తల్లిపాలు ఆపకూడదు. జ్యూస్, కూల్‌డ్రింక్ ఇస్తే వాటిలో చక్కెర పేగులోకి ఇంకా నీళ్ళు లాగుతుంది. విరేచనాలు కట్టే మాత్ర చిన్నపిల్లలకి ఇవ్వకూడదు.

మీ 2 నెలల పాపకి మాత్రం ఈ లెక్కలు పెట్టుకోకండి. పాలు సగానికి సగం తగ్గినా, వరసగా రెండుసార్లు పట్టకపోయినా తీసుకెళ్ళిపోండి.

పిల్లల సర్జన్:
వాంతి అన్నారు, రంగు ఎవరూ రాయలేదు. పసికందు ఆకుపచ్చగా, పసరులా కక్కితే పేగు మెలిపడిందేమో అన్న అనుమానంతోనే చూస్తాం, కాదని తేలేదాకా. పసుపు కాదు, ఆకు నూరినట్టుండే పచ్చ. మెలిపడిన పేగుకి రక్తం ఆగితే కొన్ని గంటల్లో కుళ్ళిపోతుంది. పొట్ట మెత్తగానే ఉంది కదా, ఒక్కసారే కదా కక్కింది అని పొద్దున దాకా పెట్టుకోవద్దు. కక్కిన గుడ్డని ఉతక్కుండా తీసుకురండి, మాటల కంటే అదే బాగా చెబుతుంది.

3 నెలల నుంచి 3 ఏళ్ళ మధ్య పిల్లలు 15, 20 నిమిషాలకోసారి కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చి, మధ్యలో తెల్లగా పాలిపోయి మగతగా పడి ఉంటే పేగులో పేగు దూరి ఉండొచ్చు. పుస్తకాల్లో రాసే రక్తం, జిగురు కలిసిన ఎర్రటి విరేచనం ఆలస్యంగా వస్తుంది. దాని కోసం ఎదురు చూడకండి.

మగపిల్లల్లో హఠాత్తుగా పొత్తికడుపు నొప్పి, వాంతి వస్తే బట్ట విప్పి కింద చూడండి. వృషణం మెలిపడితే 6 గంటలే గడువు. కాస్త పెద్దవాళ్ళు సిగ్గుతో కడుపు నొప్పి అనే చెబుతారు. వాపు, ఎరుపు, ముట్టుకోనివ్వకపోవడం కనిపిస్తే స్కాన్ ఎప్పుడు దొరుకుతుందా అని కూర్చోకుండా సర్జన్ ఉండే ఆసుపత్రికే నేరుగా వెళ్ళండి.

బటన్ బ్యాటరీ. మింగాడని చూసినా, అనుమానమే అయినా, పిల్లాడు హాయిగా ఆడుకుంటున్నా ఎమర్జెన్సీనే. అందులోంచి యాసిడ్ కారి కాలుస్తుందనుకుంటారు, అసలు సంగతి అది కాదు. అన్నవాహికలో ఇరుక్కున్న బ్యాటరీ రెండు వైపులా తడి తగలగానే కరెంటు పారుతుంది, మైనస్ వైపున క్షారం పుట్టి 2 గంటల్లోనే కండని కాల్చేస్తుంది. రిమోట్‌లో పని చెయ్యని "అయిపోయిన" బ్యాటరీలో కూడా అందుకు సరిపడా కరెంటు ఉంటుంది. 20 మి.మీ. లిథియం బిళ్ళలు మరీ ప్రమాదం, ఆ సైజు సరిగ్గా చిన్నపిల్లల అన్నవాహికలో పట్టేస్తుంది. ఏడాది దాటిన బిడ్డ, మింగి 12 గంటలు కాలేదు, మింగగలుగుతున్నాడు అంటే దారిలో 10 నిమిషాలకోసారి 10 మి.లీ. తేనె ఇవ్వొచ్చు, 6 సార్లకు మించకుండా. ఇంట్లో తేనె లేకపోతే దాని కోసం ఆగకండి. ఏడాది లోపు బిడ్డకి తేనె అసలు వద్దు. వాంతి చేయించకూడదు. ఎక్స్-రేలో నాణెం ఒకే గుండ్రం, బ్యాటరీ అంచున రెండు వలయాలు కనిపిస్తాయి. ముక్కులో, చెవిలో దూర్చుకున్నా ఇదే హడావుడి కావాలి. అయస్కాంతం బిళ్ళలు రెండు మింగినా అంతే, మధ్యలో పేగు గోడ చిక్కి చిల్లు పడుతుంది.

అంబులెన్స్ టెక్నీషియన్:
ఫిట్స్, గొంతుకి అడ్డం పడటం నేను రాస్తా.

జ్వరంతో వచ్చే ఫిట్స్ 6 నెలల నుంచి 5 ఏళ్ళ మధ్య పిల్లల్లో వస్తాయి. వచ్చిన వెంటనే ముందు టైమ్ చూడండి. ఆ క్షణంలో రెండు నిమిషాలు ఇరవైలా అనిపిస్తుంది, గడియారం లేకుండా ఎవరూ సరిగ్గా చెప్పలేరు. నేల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టండి, మెడ దగ్గర బట్ట వదులు చెయ్యండి. నోట్లో చెంచా, వేలు, నీళ్ళు, మందు ఏదీ పెట్టకూడదు. కాళ్ళు చేతులు గట్టిగా పట్టుకోకూడదు. వీలైతే ఇంకొకరు ఫోన్‌లో వీడియో తియ్యండి. 5 నిమిషాలు దాటితే అంబులెన్స్. ఒకవైపే కొట్టుకున్నా, 24 గంటల్లో మళ్ళీ వచ్చినా, ఆగాక స్పృహ రాకపోయినా, మెడ బిగుసుకున్నా, 6 నెలల లోపు బిడ్డైనా ఆగొద్దు. మొదటిసారి వస్తే ఒక నిమిషంలో ఆగిపోయినా ఆ రోజే చూపించాలి. తరవాత గంటసేపు మగతగా పడుకోవడం మామూలే.

గొంతుకి అడ్డం పడితే ముందు వినండి. దగ్గుతూ, ఏడుస్తూ ఉంటే గాలి వెళ్తున్నట్టే, వాణ్ణే దగ్గనివ్వండి. శబ్దం ఆగిపోయి, నోరు తెరిచినా గొంతు రాకపోతే అప్పుడు చెయ్యాలి. ఏడాది లోపు బిడ్డని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, రెక్కల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు. వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక కింది సగం మీద 5 నొక్కులు. వస్తువు బయటికొచ్చేదాకా, లేదా బిడ్డ స్పృహ తప్పేదాకా ఇదే. ఈ వయసులో పొట్ట మీద నొక్కితే కాలేయం చిట్లొచ్చు. ఏడాది దాటినవాళ్ళకి 5 వీపు దెబ్బలు, తరవాత వెనక నుంచి పట్టుకుని బొడ్డు పైన పిడికిలితో లోపలికి, పైకి 5 నొక్కులు. కనపడని వస్తువు కోసం నోట్లో వేలు తిప్పితే దాన్ని ఇంకా లోపలికి తోస్తారు. స్పృహ తప్పితే సీపీఆర్: ఛాతీ మీద 30 నొక్కులు, నోటితో 2 ఊపిరులు, నిమిషానికి 100 నుంచి 120 వేగం, లోతు చంటిబిడ్డకి 4 సెం.మీ., పిల్లలకి 5 సెం.మీ. ఊపిరి ఇచ్చే ముందు ప్రతిసారీ నోట్లో చూడండి. పొట్ట మీద నొక్కి తీసినవాళ్ళని వస్తువు బయటికొచ్చినా డాక్టర్ చూడాలి.

ఫోన్‌లో ముందు అడ్రస్, ఆ తరవాత వయసు, ఊపిరి ఉందా, స్పృహ ఉందా. కాల్ వాళ్ళు కట్ చేసేదాకా మీరు కట్ చెయ్యొద్దు, స్పీకర్‌లో పెట్టండి. ఊపిరి, స్పృహ బాగుంటే సొంత బండిలో రావచ్చు. కానీ నడిపేవాళ్ళు కాకుండా ఇంకొకరు బిడ్డ పక్కన కూర్చోవాలి. ఆయాసపడే పిల్లాణ్ణి పడుకోబెట్టకండి, వాడు ఎలా కూర్చుంటానంటే అలాగే. కాగితం మీద బరువు రాసి ఉంచండి, నెలనెలా మారుస్తూ ఉండండి. ఏం మింగాడో ఆ సీసా కూడా తీసుకురండి. కిరోసిన్, యాసిడ్, బాత్‌రూమ్ క్లీనర్ ఏదైనా సరే వాంతి చేయించొద్దు.

ఫ్రిజ్‌మీదకాగితం:
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్. రెండు సందేహాలు. తలకి దెబ్బ తగిలితే నిద్రపోనివ్వకూడదంటారు, నిజమేనా? వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ కొని పెట్టుకుంటే పనికొస్తుందా?

పిల్లల ఎమర్జెన్సీ డాక్టర్:
నిద్ర ఆపక్కర్లేదు. పిల్లాడు మామూలుగా ఉండి, మామూలుగా నిద్రపోయే టైమే అయితే పడుకోనివ్వండి. మొదటి 4 నుంచి 6 గంటలు మధ్యలో ఒకటి రెండుసార్లు కదిపి చూడండి, చిరాకుపడి అటు తిరిగి పడుకుంటే మంచిదే. లేపినా లేవకపోతే, నిద్ర టైమ్ కానప్పుడు ముంచుకొస్తుంటే, స్పృహ తప్పి ఉంటే, వాంతి మళ్ళీ మళ్ళీ అవుతుంటే, నడక తూలుతుంటే, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలాంటిది కారుతుంటే బయల్దేరండి. 2 ఏళ్ళ లోపు 3 అడుగులు, ఆ పైన 5 అడుగులు దాటిన ఎత్తు నుంచి పడితే తేలిగ్గా తీసుకోకూడదు. నుదుటి మీద గట్టి బొప్పికి మేం అంతగా కంగారుపడం. చంటిబిడ్డకి చెవి పైనో తల వెనకో మెత్తగా, నీళ్ళ సంచిలా ఉబ్బితే లోపల ఎముక చిట్లి ఉండొచ్చు. మీ పాప వయసులో ఎలా పడినా చూపించండి.

వార్డు సిస్టర్:
మీటర్ సంగతి నేను చెబుతా. పెద్దవాళ్ళ క్లిప్పు పాప వేలికి పట్టదు, వెలుగు పక్కల నుంచి కారిపోయి ఏదో ఒక అంకె చూపిస్తుంది. చిన్నపిల్లలకి పాదానికి చుట్టే ప్రోబ్ వేరే ఉంటుంది. బాబుకి వాడొచ్చు, కానీ చెయ్యి వెచ్చగా, కదలకుండా ఉండాలి. గుండె చప్పుడు అంకె కూడా చూడండి, అది వాడి నాడితో సరిపోకపోతే ఆక్సిజన్ అంకెనీ నమ్మొద్దు. చర్మం నల్లగా ఉన్నవాళ్ళకి అసలు కంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది. 92 కంటే తక్కువ నిలకడగా చూపిస్తే బయల్దేరాలి. 98 చూపిస్తూ డొక్కలు ఎగరేస్తుంటే మీటర్ పక్కన పడేసి, అప్పుడూ బయల్దేరాలి.